డప్పు ఎవరి చేతిలో ఉంది?

(నెల్లూరు తీరప్రాంత మహిళా కార్యకర్తల రెండు రోజుల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)



నన్ను ఈ సమావేశానికి పిలిచినప్పుడు "ప్రసార సాధనాలు - స్త్రీలు" అన్న విషయం మీద మాట్లాడమన్నారు. అందుకు తగ్గట్టే కొన్ని కాగితాలు రాసుకొచ్చాను. టీవీ సీరియళ్ళు, సబ్బుల ప్రకటనలు, సినిమా పోస్టర్లు, మీరు ఎన్నోసార్లు విన్న సంగతులే. ఆ కాగితాలు సంచిలోనే ఉన్నాయి, అక్కడే ఉండనిద్దాం. నిన్న రాత్రి జరిగిన ఒక చిన్న సంఘటన వల్ల ఇవాళ వేరే విషయం మాట్లాడాలనిపించింది.

భోజనాలయ్యాక వరండాలో అయిదారుగురు ఆడపిల్లలు ఒక ఫోను చుట్టూ చేరి పాట చూస్తున్నారు. సూళ్ళూరుపేట, తడ వైపు నుంచి వచ్చిన పిల్లలు, వాళ్ళకు తెలుగెంతో అరవమూ అంతే. అది మద్రాసు బృందం ఒకటి వేదిక మీద పాడిన పాట. రాత్రిపూట వేదిక, చీకటి, ఆ చీకట్లో తోలు వాద్యాల మోత, మధ్యలో కరెంటు గిటారు గీపెడుతోంది. అరచేతిలో పట్టే ఫోనులోంచి అంత మోత ఎలా వస్తోందా అని లోపల పడుకున్నవాళ్ళు కూడా లేచి వచ్చారు. వచ్చినవాళ్ళలో ఒక పెద్దామె ఉన్నారు. 1992 సారా పోరాటంలో పాల్గొన్న మనిషి. ఆమె కాసేపు చూసి, "ఇదేందమ్మే, చావు డప్పు మాదిరి ఉండాది" అన్నారు. ఇంకాసేపు చూసి, "ఆ పిల్ల పాడతా ఉండాది, బాగుండాది. కొట్టేదంతా మగోళ్ళే గదా?" అన్నారు.

ఆ పిల్లల దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ప్రసార సాధనాల మీద నేను రాసుకొచ్చిన ఇరవై పేజీల్లో ఈ ప్రశ్న ఎక్కడా లేదు. అందుకే ఈ ఉదయం దాని గురించే మాట్లాడతాను.

ముందు ఆ బృందం సంగతి. పేరు 'ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్', అంటే కులం లేనివాళ్ళ సమూహం. 19వ శతాబ్దంలో తమ జనాన్ని కులం లేని తమిళులుగా గుర్తించాలని వాదించిన అయోతీ దాస్ పండితుల మాటలోంచి ఆ పేరు తీసుకున్నారు. సినిమా దర్శకుడు పా. రంజిత్ నడిపే నీలం సాంస్కృతిక కేంద్రం, సంగీతకారుడు టెన్మా కలిసి దీన్ని తయారుచేశారు. 2018 జనవరి 6న చెన్నై కీల్పాక్‌లో మొదటి ప్రదర్శన. ఉత్తర మద్రాసు వాడల్లో పుట్టిన గానా పాటనీ, పరై, సట్టి వంటి తోలు వాద్యాలనీ తీసుకొచ్చి పాశ్చాత్య రాక్ సంగీతం పక్కన నిలబెట్టారు. రాక్ అంటే డ్రమ్ముల మీద, కరెంటు గిటారు మీద నడిచే సంగీతం. కోపాన్ని దాచుకోదు. అమెరికా నల్లవాళ్ళ పాటల్లోంచి పుట్టి, తర్వాత తెల్ల కుర్రాళ్ళ సొత్తయింది, ఆ కథ మళ్ళీ వేరే. ఈ బృందంలో మొదట 19 మంది. అందులో ఆడమనిషి ఒక్కరే, ఇసైవాణి. పెద్దామె లెక్క తప్పలేదన్నమాట.

ఇక "చావు డప్పు మాదిరి" అన్న మాట. ఆమె దాన్ని తిట్టుగా అనలేదు, గుర్తుపట్టి అన్నారు. గానా పాట నిజంగానే చావిళ్ళ దగ్గర రాత్రంతా పాడే పాట. పరై చావు వాద్యం. మన దగ్గర డప్పు అనండి, తప్పెట అనండి, పలక అనండి, ఊరిని బట్టి పేరు మారుతుంది గానీ పని మారదు. చావుకి, జాతరకి, దండోరాకి అది కావాలి. అయిపోయాక అదీ, దాన్ని కొట్టినవాడూ ఊరి బయటకి పోవాలి. పట్నంలో చదువుకున్న పిల్లలు ఇలాంటి పాటని 'డార్క్' అంటారు. వాళ్ళకది సంగీతంలో ఒక రుచి. ఆ డప్పు మోగిన ఇంట్లో పుట్టినవాళ్ళకి మాత్రం ఆ చీకటిని ఎవరు తమ నెత్తిన పెట్టారో తెలుసు.

డప్పు ఎలా తయారవుతుందో మనలో చాలామందికి తెలియదు. కొయ్యతో గుండ్రటి చట్రం చేస్తారు. తోలుని నానబెట్టి, వెంట్రుకలు గీకి, చింతగింజల గుజ్జుతో చట్రానికి అతికించి ఆరబెడతారు. వాయించేముందు మంట దగ్గర కాస్తారు, లేకపోతే మోగదు. సముద్రం పక్కన ఊళ్ళలో గాలిలో చెమ్మ ఎక్కువ కాబట్టి ఒక్క రాత్రిలోనే రెండు మూడుసార్లు కాయాలి. కుడిచేతిలో పొట్టిగా లావుగా ఉండే సిర్ర, ఎడమచేతిలో సన్నటి చిటికెన పుల్ల. నేను తిరిగిన ఇళ్ళలో తోలు నానబెట్టడానికి నీళ్ళు మోసింది ఆడవాళ్ళు. చింతగింజలు వేయించి, దంచి, ఉడకబెట్టింది ఆడవాళ్ళు. కాయడానికి గడ్డి తెచ్చింది కూడా వాళ్ళే. డప్పు తయారై గోడకు వేలాడిన తర్వాత మాత్రం దాన్ని ఆడది ముట్టుకోకూడదు. ముట్టుకుంటే నాదం పోతుందంటారు, అమ్మవారికి కోపం వస్తుందంటారు. బయటుంటే అసలు ఆ గోడ వైపుకే రాకూడదు. పై కులాలవాళ్ళు డప్పు కొట్టేవాణ్ణి ముట్టుకోకూడని మనిషి అన్నారు. ఆ ముట్టుకోకూడని మనిషి తన ఇంట్లో తన డప్పుకి ముట్టుకోకూడని మనిషిగా భార్యని చేశాడు. కులాన్నీ పితృస్వామ్యాన్నీ విడివిడి పాఠాలుగా చెప్పే మాలాంటి వాళ్ళు ఈ గోడ ముందు కాసేపు నిలబడాలి.

ఇంకో సంగతి ఉంది. డప్పుకి కూలి ఏమిటి? కాస్త బియ్యం, కొంత చిల్లర, మిగతాది సారా. చావుకి సారా, జాతరకి సారా. తాగకపోతే చెయ్యి ఆడదని వాళ్ళ చేతనే అనిపించారు. పనిచేసిన మనిషికి అన్నం బదులు మత్తు కూలిగా ఇస్తే, ఆ కూలి ఇంటికి చేరదు. మనిషి ఇంటికి చేరతాడు, అదీ ఏ అర్ధరాత్రికో, తన్నడానికి. అందుచేత నెల్లూరు జిల్లా మాదిగ వాడల్లో సారా మీద పోరాటానికి దిగిన ఆడవాళ్ళకి డప్పుతో కూడా ఒక తగాదా ఉంది. ఈ మాట ఎక్కడా రాసి ఉండటం నేను చూడలేదు.

సారా ఉద్యమం గురించి మీకు నేను చెప్పేదేముంది, మీరే చేసినవాళ్ళు. అయినా చిన్నపిల్లలు ఉన్నారు కాబట్టి నాలుగు మాటలు. 1980లలో రాష్ట్ర ప్రభుత్వం వారుణి వాహిని అనే ముద్దుపేరుతో సారాని పొట్లాల్లో పోసి ఊరూరికీ పంపింది. 1991 నాటికి నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం నడుస్తోంది. రాత్రి పాఠశాలల్లో ఆడవాళ్ళు ఒకచోట కూర్చోవడం, మాట్లాడుకోవడం మొదలైంది. వాచకంలో సీతమ్మ కథ వచ్చింది. తాగుబోతు మొగుడు, చితికిన కాపురం. అది చదివినవాళ్ళకి చదువుతున్నట్టు లేదు, తమ సంగతే ఎవరో చెబుతున్నట్టుంది. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు దేశమంతా తెలిసింది. ఆ గెలుపు మళ్ళీ "ఆడవాళ్ళు ఏకమైతే" అన్న పాఠమై వాచకంలోకే ఎక్కింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాని నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. 2024 అక్టోబరులో 3,396 ప్రైవేటు దుకాణాలకి లైసెన్సులిచ్చి, 99 రూపాయలకే క్వార్టరు సీసా అని ప్రభుత్వమే గొప్పగా చెప్పుకుంది. ఇదీ వరస.

ఆ ఉద్యమాన్ని నడిపించిన వాటిలో పాట ఒకటి. కళాజాతాలు ఊరూరా తిరిగాయి. నాట్ల పాటల వరసల్లో, కోలాటం వరసల్లో ఆడవాళ్ళు కాంట్రాక్టరు పేరు పెట్టి కట్టిన పాటలకి లెక్కలేదు. అయితే ఆ కళాజాతాల్లో డప్పు ఎవరి చేతిలో ఉంది? నాకు దొరికిన ఫొటోలు వెతికి చూశాను. డప్పు మగవాళ్ళ చేతిలో ఉంది, ఆడవాళ్ళ చేతిలో చీపుర్లున్నాయి. చీపుర్లూ, కారప్పొడీ ఈ ఉద్యమానికి గుర్తులైపోయాయి. పత్రికలవాళ్ళకీ అవే నచ్చాయి. ఆడది ఎంత పోరాడినా వంటింటి సామాన్లతోనే పోరాడాలి గదా, చూడటానికి ముచ్చటగా ఉంటుంది.

నిన్న రాత్రి ఆ పెద్దామె మరో సంగతి చెప్పారు. ఆమె అనుమతితోనే చెబుతున్నాను. ఆమె భర్త ఊళ్ళో దండోరా వేసే మనిషి. రాత్రి బడిలో ఆడవాళ్ళంతా ఒక మాట అనుకున్నారు. తెల్లవారి సారా జీపు వస్తుంది, దాన్ని ఊళ్ళోకి రానివ్వకూడదు. కానీ రాత్రికి రాత్రి మూడు వాడలవాళ్ళకి కబురెలా చేరాలి? దండోరా వెయ్యాలి. భర్తనడిగితే ఆయన వెయ్యనన్నాడు. కాంట్రాక్టరు ఆయనకు రోజూ రెండు పొట్లాలు ఊరికే ఇస్తున్నాడు. ఆమె మాట్లాడకుండా గోడ మీది డప్పు తీసుకుని బయటికి నడిచారు. సిర్ర, పుల్ల ఆయన మొలలోనే ఉన్నాయి. చేతికందిన గరిటె కాడతో కొట్టుకుంటూ పోయారు.

"దరువా, పాడా? ఏందో మోత చేసినా. అగ్గంటుకుందనుకోని అందురూ బైటికొచ్చినారు" అని నవ్వారు.

తెల్లవారి జీపు వెనక్కి పోయింది. ఆ పగలు గడిచాక కులపెద్దలు కూర్చున్నారు. ఆడది డప్పు ముట్టుకున్నందుకు ఆమె భర్తకి 50 రూపాయలు దండుగ వేశారు. డప్పు తోలు ఊడదీయించి మళ్ళీ కొత్త తోలు వేయించారు. సారా జీపుని ఆపినందుకు మెచ్చుకున్న పెద్దలు కూడా దండుగ దగ్గర మాత్రం ఒప్పుకున్నారట. ఆ 50 రూపాయలు ఎవరు కట్టారని అడిగాను. "ఇంకెవురు, నేనే. కూలికి పొయ్యి కట్టినా" అన్నారు.

ముప్పై ఏళ్ళకు పైబడిన ఈ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. నేను చదువుకున్న వ్యాసాల్లోనూ లేదు, నా సొంత సిద్ధాంత గ్రంథంలో కూడా లేదు. ఆమె పేరు రాయవచ్చా అని అడిగితే, "రాయబాకమ్మా. నా కొడుకు ఇప్పుడు వైను షాపులో పనిచేస్తుండాడు" అన్నారు. కాబట్టి పేరు రాయను.

మళ్ళీ ఫోనులోని పాటకి వద్దాం. డప్పు మోతకి తెరమీద ఆడదాన్ని చూపించడం మనకేం కొత్త? తెలుగు సినిమాలో తీన్‌మార్ దరువు మొదలైందంటే కెమెరా ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు. ఒక్కో దెబ్బకి ఒక్కో ముక్క. నడుము, పాదం, మళ్ళీ నడుము, పెదవి. డప్పు కొట్టేవాళ్ళు వెనకాల చెమటలు కారుస్తూ గుంపుగా ఉంటారు, వాళ్ళకి ముఖాలుండవు. ముందున్న ఆమెకి ముఖం ఉన్నా, అది చూసేవాళ్ళ కోసం పెట్టుకున్న ముఖం. ఇలా కులాన్ని వెనక వరసలో, ఆడదాని ఒంటిని ముందు వరసలో నిలబెట్టి ఆ రెంటినీ ఒకే టికెట్టు మీద అమ్ముతారు. ఈ మద్రాసు పాటలో పిల్లలకి నచ్చిందేమిటని అడిగితే ఒకమ్మాయి చెప్పింది: "ఆమె పాడతా ఉంటే మనం ఆమె నోరు చూస్తాం మేడం, ఇంకేం చూడం." నా ఇరవై పేజీల సారాంశం ఆ పిల్ల ఒక వాక్యంలో చెప్పింది.

ఇసైవాణి పుట్టింది ఉత్తర మద్రాసు రాయపురంలో, కాసిమేడు చేపల రేవు పక్కన. మన తీరం పడవలకి ఆ రేవు కొత్తది కాదు. గానా మగవాళ్ళ రాజ్యం. అందులో ఒక ఆడపిల్ల నిలబడటమే పెద్ద సంగతి. 2020లో బీబీసీ వాళ్ళు ఆ ఏటి వందమంది స్త్రీలలో ఆమెని లెక్కించారు. శబరిమల విషయంలో 2018 సెప్టెంబరు 28న సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన రోజుల్లో, ఆడవాళ్ళ గుడి ప్రవేశం గురించి ఆ బృందం ఒక పాట కట్టింది. పాడింది ఇసైవాణి. అప్పట్లో పెద్ద గొడవ లేదు. ఆరేళ్ళు పోయాక, 2024 నవంబరులో, ఆ పాత వీడియోని తవ్వి తీసి పోలీసు ఫిర్యాదులు పెట్టారు, బెదిరింపులకు దిగారు. ఆ పాట వెనక ఒక బృందం ఉంది, దాన్ని ఏర్పాటు చేసిన దర్శకుడున్నాడు, ఫిర్యాదుల్లో ఆయన పేరూ ఉంది. అయినా జనం నోట్లో నానింది, బూతులు పడింది గొంతిచ్చిన ఆడమనిషి. డప్పు అందరిదీ, దండుగ ఒక్కరిదీ. నిన్న పెద్దామె చెప్పిన పంచాయితీకీ దీనికీ తేడా ఎంతో మీరే చూడండి.

వీడియోకి ఈ గుణం ఉందని మన సంస్థలవాళ్ళు గుర్తుంచుకోవాలి. వేదిక మీద పాడిన పాట ఆ రాత్రితో అయిపోయేది. ఇప్పుడలా కాదు. ఎప్పుడు, ఎవరు, ఏ ముక్క కత్తిరించి ఎక్కడ పెడతారో చెప్పలేం. మీరు ఒక పదిహేనేళ్ళ అమ్మాయి చేత బాల్యవివాహాల మీద పాట పాడించి నెట్‌లో పెడతారు. అయిదేళ్ళ తర్వాత ఆ పిల్ల అత్తగారింట్లో ఆ పాట ఎవరో చూస్తారు. అప్పుడు ఆమె పక్కన మనం ఉంటామా?

భయపెట్టడానికి చెప్పడం లేదు. పాడిన ఆడవాళ్ళు చెల్లించిన మూల్యం తెలియాలని చెబుతున్నాను. కాశ్మీరులో ముగ్గురు పదో తరగతి ఆడపిల్లలు 'ప్రగాశ్' అని ఒక రాక్ బృందం పెట్టుకున్నారు. ప్రగాశ్ అంటే వెలుగు. అందులో డ్రమ్ములు వాయించిందీ ఆడపిల్లే. 2012 డిసెంబరులో శ్రీనగర్ పోటీలో బహుమతి గెలుచుకున్నారు. నెట్‌లో అత్యాచారం చేస్తామని బెదిరింపులు, 2013 ఫిబ్రవరిలో పెద్ద ముఫ్తీ ఫత్వా. బృందం మూతబడింది. వాళ్ళు ప్రజల మధ్య వాయించింది ఆ ఒక్కసారే. మన భువనగిరి బెల్లి లలిత సంగతి పెద్దవాళ్ళకి గుర్తుంటుంది. తెలంగాణ కోసం, మద్యానికి వ్యతిరేకంగా పాడిన గొంతు. 1999 మేలో ఆమెని చంపి, ముక్కలు చేసి పారేశారు. పాటంటే ఇంత భయం ఎందుకో అని మనం ఆశ్చర్యపోతాం. వాళ్ళకి మాత్రం ఆ సంగతి మనకంటే బాగా తెలిసినట్టుంది.

ఆడవాళ్ళ చేతికి డప్పు వచ్చిన చోట్లు కూడా ఉన్నాయి. తమిళనాడు దిండిగల్‌లో సిస్టర్ చంద్ర నడిపే శక్తి జానపద కళా కేంద్రంలో దళిత యువతులు ఏళ్ళ తరబడి పరై నేర్చుకుని వాయిస్తున్నారు. కొట్టుకుంటూ ఆడతారు, పాడతారు. బీహార్‌లో పట్నా దగ్గర ఢిబ్రా గ్రామంలో సుధా వర్గీస్ నారీ గుంజన్ సంస్థ ప్రోత్సాహంతో కూలి పనులు చేసుకునే దళిత స్త్రీలు 2016లో డ్రమ్ముల మేళం పెట్టుకున్నారు. పెళ్ళిళ్ళకి పిలిస్తే పోతారు, వాయిస్తారు, డబ్బు తెచ్చుకుంటారు. నాకు ఈ రెండో సంగతి ఎక్కువ నచ్చింది. అందులో విప్లవం అన్న మాట వినబడదు, కూలి వినబడుతుంది. పైగా ఆ కూలి సారా కాదు, డబ్బు. ఇక్కడొక చిక్కు ఉంది. మగవాడు పరువు తక్కువని వదిలేసిన డప్పుని ఆడదాని చేతికిచ్చి, విముక్తి అని మనం చప్పట్లు కొడుతున్నామా? తమిళనాడులో దళిత యువకులు పై కులాల చావులకి పరై కొట్టమని ఎదురుతిరిగారు, అది ఆత్మగౌరవ పోరాటం. మన పక్కనే ప్రకాశం జిల్లా ఈదుమూడిలో 1994 జూలై 7న పుట్టిన మాదిగ దండోరా అదే డప్పుని తల ఎత్తుకుని కొట్టింది, అదీ ఆత్మగౌరవమే. డప్పు మానడమా, కొట్టడమా అన్నది బయటినుంచి నేను తేల్చి చెప్పే విషయం కాదు. దండోరా సభల్లో వేలాది డప్పులు మోగాయి. అందులో ఆడవాళ్ళ చేతుల్లో ఎన్ని ఉన్నాయో అక్కడి స్త్రీలే అడగాలి. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డప్పు కళాకారులకి పెన్షన్ ఇస్తోంది, 2024 జూలై నుంచి నెలకి 4,000 రూపాయలు. కళాకారుడంటే డప్పు కొట్టిన మనిషి. చింతగింజలు దంచిన మనిషి ఏ జాబితాలో వస్తుంది? ఇది సచివాలయానికి వెళ్ళి అడగవలసిన ప్రశ్న, మీలో ఎవరైనా ముందు అడగండి.

తీరం మీది పాలెంల గురించి కూడా ఒక మాట. పట్టపుపాలెంలో కులపెద్దలు కూర్చున్నారంటే డప్పు మోగుతుంది. దురాయి వేశారంటే డప్పు మోగుతుంది. వేటకి పోకూడదన్నా, ఫలానా ఇంటికి నీళ్ళు నిప్పులు ఇవ్వకూడదన్నా అదే. చేపలు నెత్తిన పెట్టుకుని ఊరూరూ తిరిగి అమ్మి ఇల్లు నడిపే ఆడవాళ్ళు ఆ డప్పు వింటారు, ఆ కూటంలో మాత్రం కూర్చోరు. 2004 సునామీ తర్వాత సాయం పంపకాల్లో విధవలకి, ఒంటరి ఆడవాళ్ళకి ఏం జరిగిందో ఇక్కడ పనిచేసినవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. డప్పు కొట్టి పిలిచింది కుటుంబ పెద్దల్ని. కుటుంబ పెద్ద అంటే మగవాడు. వాద్యం అంటే సంగీతమే అనుకుంటాం గానీ ఊళ్ళో అది మైకు, నోటీసు బోర్డు, పోలీసు లాఠీ కూడా.

ఇక చివరికి నా తప్పు ఒకటి చెప్పాలి. 2005లో నేను పరిశోధన చేస్తున్నప్పుడు ఈ జిల్లాలోనే ఒక పెద్దామె దగ్గర పదకొండు పాటలు క్యాసెట్టులో ఎక్కించుకున్నాను. సారా పాటలు, ఏడుపు పాటలు, తిట్టు పాటలు. నా సిద్ధాంత గ్రంథంలో ఆమె "దళిత స్త్రీ, వయసు సుమారు 55". పేరు లేదు. పేరు రాయవద్దని ఆమె అనలేదు, నేనూ అడగలేదు. గోప్యత అనే పెద్దమాట ఉంది కదా, దాని వెనక దాక్కున్నాను. నాకు డాక్టరేటు వచ్చింది. ఏడెనిమిదేళ్ళ తర్వాత ఆమె మనవరాలు నన్ను వెతుక్కుంటూ వచ్చింది. అవ్వ పోయిందనీ, ఆమె గొంతు ఇంట్లో ఎక్కడా లేదనీ, ఆ క్యాసెట్టు ఇస్తే కాపీ చేసుకుంటాననీ అడిగింది. వెతికితే క్యాసెట్టు దొరికింది. బూజు పట్టి ఉంది. రెండు పాటలు మాత్రం వినబడ్డాయి, మిగతాదంతా గరగర. ఆ పిల్ల ఏమీ అనలేదు. ఆ రెండూ ఫోనులో ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

2021లో వచ్చిన 'ఎంజాయ్ ఎంజామి' అనే తమిళ పాట మీ అందరూ విన్నారు. సిలోను తేయాకు తోటల్లో చాకిరీ చేసి తిరిగొచ్చిన వల్లియమ్మాళ్ అనే అవ్వ బతుకు ఆ పాటకి మూలం, ఆమె మనవడు అరివు దాన్ని రాసి పాడాడు. ఒప్పారి, అంటే శవం దగ్గర ఆడవాళ్ళు ఏడుస్తూ పాడే పాట, అందులో ఉంది. కోట్లమంది చూశారు. అదే ఏడాది ఒక పెద్ద సంగీత పత్రిక ముఖచిత్రం మీద అరివు లేడు. దాని మీద పెద్ద చర్చ జరిగింది. 2024లో ఆ పాట స్వరకర్త సంతోష్ నారాయణన్, తమకి దాని మీద డబ్బు రాలేదని బహిరంగంగా చెప్పాడు. అంత పేరున్న మగవాళ్ళ గతే అలా ఉంటే, మన సంఘాల్లో అవ్వలు పాడిన పాటల సంగతేమిటి? మన వార్షిక నివేదికల్లో, విరాళాలిచ్చేవాళ్ళకి పంపే వీడియోల్లో వెనకాల వినబడే ఆ గొంతులు ఎవరివి? "గ్రామీణ మహిళల పాట" అని కింద అక్షరాలు వేస్తాం. గ్రామం పాడుతుందా?

అందుకని ఈ రెండు రోజుల్లో మూడు పనులు తేల్చుకుందామని నా ప్రతిపాదన. మీ సంస్థల దగ్గరున్న క్యాసెట్లు, సీడీలు, పాత ఫోన్లలోని పాటలు ఎవరివో రాసి పట్టిక చేయండి, కాపీ ఆ ఇంటికి చేర్చండి. కొత్తగా ఎక్కించేటప్పుడు పేరు రాయాలా వద్దా, ముఖం చూపాలా వద్దా అని పాడిన మనిషినే అడగండి, నెట్‌లో పెడితే ఏమవుతుందో ఇసైవాణి సంగతి చెప్పి మరీ అడగండి. నిన్నటి పెద్దామెలా వద్దంటే వద్దు. మూడోది, వచ్చే మార్చి 8 ఊరేగింపుకి డప్పులవాళ్ళని కూలికి పిలిచే అలవాటు ఆపి, ఆ డబ్బుతో నేర్చుకోవాలన్న ఆడవాళ్ళకి నేర్పించండి. ముందు మాదిగ వాడల ఆడవాళ్ళని అడగండి, వాళ్ళకి ఇష్టమైతేనే. నేర్పే మగవాళ్ళకి కూలి డబ్బుగా ఇవ్వండి, సీసాగా కాదు.

నిన్న రాత్రి పిల్లలు ఎక్కడినుంచో ఒక డప్పు తెచ్చారు. పెద్దామె చేతికిస్తే వేలితో మీటి చూసి, "మెత్తబడి ఉండాది, కాయాల" అన్నారు. ఇవాళ సాయంత్రం గడ్డి తెప్పిస్తామని నిర్వాహకులు చెప్పారు. అంతలో, కొట్టడం మానాలనే వాదన ఉన్నవాళ్ళు కూడా మీలో ఉన్నారని నాకు తెలుసు. ముందు వాళ్ళు మాట్లాడితే బాగుంటుంది.